హాజరు అక్కరలేని బడి

"...క్లాసుకు పోకున్నా నడుస్తదంటే అది బడి ఎట్లయితది మియా? హాజరు పట్టని పంతులును నేనైతే సూడలే. వానికి నువ్వు బడి సూపెడుతానవా, బొంద సూపెడుతానవా?"

"చాచా, కొంచెం నిదానించు. భూమేశన్నకు కావాల్సింది బడి కాదు. వీసా."

"రెండూ ఒక్కటే గదా."

"ఒకటైతే నేను నీతో ఇంతసేపు నోరు నొప్పి చేసుకుంటానా?"

భూమేశ్ సబ్బుపెట్టె పట్టుకుని తలుపు బయటే ఆగిపోయాడు. శుక్రవారం, డ్యూటీ లేదు. తీరిగ్గా స్నానం చేసి వచ్చినా చెవుల మడతల్లో తెల్లటి రాతిదుమ్ము మిగిలే ఉంది. ఒమాన్‌లోని రుసైల్‌లో పాలరాయి కోసే మిషను మీద పనిచేసేవాడికి అది వదిలేది కాదు. లోపల ఇద్దరూ అతని గురించే తగాదా పడుతున్నారు. అతన్ని కూడా ఒక మాట అడగాలని ఇద్దరిలో ఎవరికీ తోచినట్టు లేదు.

పోచన్న కింది మంచం మీద కూర్చుని వంటకు వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఆ రూమ్‌లో అందరికంటే పెద్దవాడు, భూమేశ్‌కు పక్క ఊరివాడు. ఎదురుగా యాసిర్, కడప మనిషి, ఫ్యాక్టరీ గేటు ఎదుట సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. జుమ్మా నమాజు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తెల్ల కుర్తా మీద అత్తరు వాసన ఇంకా పోలేదు. అతని చేతిలో ఫోను, ఫోనులో థాయ్‌లాండ్ బడులు రెండు.

కంపెనీ కోత సెక్షను మూసేస్తోంది. ఇకనుంచి కోసిన పలకలనే బయట నుంచి తెప్పించి, ఇక్కడ మెరుగు పట్టి అమ్ముతారట. మిషన్లు కొనేవాళ్లు వచ్చి తిప్పి తిప్పి చూసి పోయారు. "మిషన్లకు గిరాకి ఉన్నది, మనకే లేదు" అన్నాడు పోచన్న ఆ రోజు. కంపెనీ కాగితాల పనులు చూసే మందూబ్ అందరినీ నిలబెట్టి చెప్పేశాడు. వేరే కంపెనీ దొరికినవాడికి రిలీజు, దొరకనివాడికి ఇంటికి టికెట్, నెల తిరిగేసరికి వీసాలన్నీ క్యాన్సిల్. కొందరు రుస్తాఖ్‌లో ఏదో కట్టడం పని ఉందని విని పోయారు. పోయినవాళ్లు పోయినట్టే తిరిగొచ్చారు.

ఇంటికి పోయి ఏం చేస్తావని భూమేశ్‌ను ఎవరూ అడగలేదు. వెనకటికి ఒకసారి, ఒక వీసా అయిపోయి ఇంకోటి దొరికేలోపు, అతను ఊళ్లో ఏడాది ఉన్నాడు. మొదట్లో ఇంటింటికీ పిలిచి చాయ పోశారు. రెండో నెల నుంచి ఎదురుపడ్డవాడల్లా "ఎప్పుడు పోతానవ్?" అనడం మొదలుపెట్టాడు. ఆఖరుకు భార్య నవీన కూడా, అన్నం పెడుతూ, పళ్లెం వైపే చూస్తూ అడిగింది. ఆ మాట అతను ఎవరికీ చెప్పుకోలేదు, మరచిపోనూ లేదు.

అందుకే నర్సింగ్ మాట అతనికి ఆధారమైంది. నర్సింగ్ ఒకప్పుడు ఈ రూమ్‌లోనే ఉండేవాడు. ఇప్పుడు పట్టాయాలో ఒక ఇండియా హోటల్ వంటింట్లో ఉన్నాడు. "పని వీసా ఇయ్యరు తమ్మీ. స్కూల్ వీసా మీద రా. థాయి భాష నేర్చుకుంట అని రాసిస్తే ఏడాది ఉండనిస్తరు. పని నేను సూస్త" అని వాయిస్ మెసేజీ పెట్టాడు.

భూమేశ్ లోపలికొచ్చి టవలు తీగ మీద ఆరేశాడు.

"రా అన్నా, నువ్వే తేల్చు" అన్నాడు యాసిర్. "ఈ మొదటి బడి ఉండాదే, వారానికి నాలుగు దినాలు క్లాసు. వీడియోలో ఇంటర్వ్యూ. వీసా పొడిగించేటప్పుడు ఇమిగ్రేషన్ ఆఫీసరు ముందర కూచోబెట్టి థాయ్‌లో ప్రశ్నలు అడుగుతాడంట, చెప్పకపోతే పొడిగించరంట. ఈ రెండోదానికి ఏమీ లేదు. ఫీజు కట్టు, కాగితం తీసుకో. హాజరు మేం చూసుకుంటాం అంటాండారు. ఏది మంచిది?"

"నేను చెప్తా ఏది మంచిదో" అన్నాడు పోచన్న. "నేను మొదాలు ఈ దేశానికి ఎట్లచ్చిన్నో నీకు ఎరికేనా మియా? ఆజాద్ వీసా. వీసా ఇచ్చిన కఫీలుకు పైసలు కట్టుడు, వాని పేరు మీద ఉండుడు, పని యాడ దొరికితే ఆడ చేసుకునుడు. అల్ సువైక్‌ల వాని ఖర్జూరం తోట. నేను ఆ తోట మొకమే సూడలే, దుకాణాలల్ల మూటలు మోసిన. వాడు ఏడాదికోపారి కనవడి సలాం చెప్పి పైసలు తీస్కపోయేటోడు. మస్తు మంచోడు. పోలీసులు పట్టుకున్ననాడు ఫోన్ చేస్తే ఏమన్నడో ఎరికేనా? 'ఈ మనిషి ఎవడో నాకు తెల్వదు' అన్నడు."

"అది తోట, ఇది బడి."

"క్లాసుకు రమ్మననోడు, నిన్ను పట్టుకున్ననాడు వస్తడా? గంతే నేను చెప్పేది."

యాసిర్ నవ్వాడు. "చాచా, నువ్వు జైలుకు పోయొచ్చి మళ్లా ఇక్కడికే వచ్చినావు గదా. ఏం పోయింది?"

"పండ్లు రెండు పోయినయి" అన్నాడు పోచన్న, ఇంకో వెల్లుల్లి రెబ్బ అందుకుంటూ.

"నేను మొదటిదాంట్లనే చేరుతా" అన్నాడు భూమేశ్.

ఇద్దరూ అతని వైపు చూశారు. యాసిర్ ఫోను పక్కన పెట్టాడు. "అన్నా, అది నిజం బడి. క్లాసుకు పోవాల."

"పోతా. క్లాసు పొద్దున. హోటల్ల పని పగటాల్ల నుంచి అన్నడు నర్సింగ్."

"నలభై ఏండ్లు వస్తాండాయి నీకు."

"వస్తే?"

పోచన్న వెల్లుల్లి గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి పోయాడు. పోతూ పోతూ, "సంచి కూడ కొనుక్కో బడిపోరడా, టిఫిను డబ్బ సుత" అన్నాడు. అయినా ఆ మాటలో కోపం లేదు.

వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఆ మొదటి బడివాళ్లు కొన్ని పాఠాలు ఊరికే చూడనిస్తారు. యాసిర్ లింకు పంపిన రోజు నుంచి భూమేశ్ వాటిని చూస్తూనే ఉన్నాడు. నీలం జాకెట్టు తొడుక్కున్న టీచరు ఒకామె బోర్డు ముందు నిలబడి ఒక మాట పలికి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఆగేది. ఆ ఆగినప్పుడు చూసేవాళ్లు పలకాలి. రూమ్‌లో పలికితే నవ్వుతారు. అందుకని టీ విరామంలో పాఠం వినేవాడు, మిషను నడిచేటప్పుడు పలికేవాడు. రాయి కోసే రంపం మోతలో పక్కనున్నవాడు అరిచినా వినపడదు. నీళ్లు చిమ్ముతూ రంపం రాతిలోకి దిగుతుంటే, భూమేశ్ గొంతెత్తి పరాయి భాషలో నమస్కారం పెట్టేవాడు, అంకెలు లెక్కపెట్టేవాడు, అన్నం తిన్నారా అని పలకరించేవాడు. సూపర్‌వైజరు ఒకటి రెండుసార్లు అతని పెదవులు కదలడం చూసి, దేవుణ్ని తలుచుకుంటున్నాడనుకుని పోయాడు.

ఎనిమిదో తరగతి సగంలో అతని బడి ఆగిపోయింది. తల్లి శాంతవ్వ బీడీలు చుట్టేది. ఆకు తేవడానికి, చుట్టిన బీడీలు కంపెనీకి చేర్చడానికి మనిషి కావాలి. కొన్నాళ్లు అతను బడికీ ఆ పనికీ మధ్య తిరిగాడు. ఒకరోజు ఆలస్యంగా పోతే హాజరు పిలవడం అయిపోయింది. తన పేరు పిలిచారా అని పక్కవాణ్ని అడిగాడు. లేదన్నాడు వాడు. మరుసటి రోజూ పిలవలేదు. కొట్టలేదు, తిట్టలేదు, పొమ్మనలేదు. పేరు పిలవడం మానేశారు, అంతే. అతనూ పోవడం మానేశాడు.

కూతురు సింధూజకు మాత్రం పాఠాల సంగతి చెప్పాడు. ఇంటరు రెండో ఏడాది చదువుతోంది. ఫోను చేసినప్పుడల్లా ఒక మాట నేర్పేవాడు, ఆమె పలికి నవ్వేది. "బాపూ, నువ్వు నాకంటే పెద్ద సదువు సదువుతానవ్" అనేది. నవీనకు ఇది నచ్చలేదు. "మందికి బడి అని చెప్పకు. హోటల్ల పని దొరికిందని చెప్పు. బిడ్డ కాలేజీకి పోతుంటె అయ్య బడికి పోవుడేందని నవ్వుతరు" అంది. "నేను సదువుకే పోతాన" అన్నాడు భూమేశ్. ఆ మాట గట్టిగా అన్నందుకు తనకే ఆశ్చర్యమేసింది.

ఇంటర్వ్యూ తర్వాతి శుక్రవారం పెట్టారు. యాసిర్ తన దుకాణం వెనక గదిలో ఫోను డబ్బాలు పక్కకు జరిపి కుర్చీ వేశాడు. భూమేశ్ పెళ్లిళ్లకు తొడిగే చొక్కా తొడుక్కుని వచ్చాడు. యాసిర్ నాలుగు జవాబులు ఇంగ్లీషులో వల్లె వేయించాడు. థాయ్ సంస్కృతి అంటే నాకు ఇష్టం. భాష నేర్చుకుని మా దేశం పోతాను. ఖర్చులకు నా దగ్గర ఉంది. పని చేయను.

"ఆఖరుది మరవొద్దన్నా" అన్నాడు యాసిర్. "అదే అన్నిటికన్నా పెద్దది."

తెర వెలిగింది. నీలం జాకెట్టు ఆవిడే. ఈసారి తెల్ల చొక్కా వేసుకుంది. భూమేశ్ చేతులు జోడించి, వాళ్ల భాషలో నమస్కారం చెప్పాడు. ఆమె కళ్లు పెద్దవి చేసి, అదే మాట తిరిగి చెప్పి, ఇంకా ఏం వచ్చో అడిగింది. అంకెలు చెప్పాడు. అన్నం తిన్నారా అన్నాడు. ఆమె తలుపు వైపు తిరిగి ఎవరినో పిలిచింది, ఇంకో ఆవిడ కూడా వచ్చి తొంగిచూసి నవ్వింది. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, "యువర్ క్లాస్ మేడం. ఇన్ ఫ్యాక్టరీ" అన్నాడు. యాసిర్ పక్కనుంచి బొటనవేలు చూపించాడు.

అప్పుడామె కాగితం ముందు పెట్టుకుని, నెమ్మదైన ఇంగ్లీషులో అడిగింది, థాయ్ ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారని.

ఆ కాగితం కనపడగానే భూమేశ్‌కు ఏదో అయింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. జగిత్యాల ఏజెంటు ఆఫీసులో, తర్వాత బొంబాయిలో, ఎదురుగా కాగితం పెట్టుకున్న మనిషి ముందు ఎట్లా నిలబడాలో అతనికి తెలుసు. అట్లాగే నిలబడ్డాడు.

"ఐ స్ట్రాంగ్, మేడం. నో సిక్, నో లీవ్."

"దయచేసి కూర్చోండి" అందామె. "వారానికి ఎన్ని గంటలు చదువుకు ఇవ్వగలరు?"

"ట్వెల్వ్ అవర్స్ డ్యూటీ ఓకే మేడం. ఫ్రైడే ఆల్సో ఓకే. నో ప్రాబ్లం."

యాసిర్ చొక్కా అంచు పట్టి లాగాడు. భూమేశ్‌కు తెలియలేదు. రెండు చేతులూ చాపి, అరచేతులు ఫోను ముందు పెట్టాడు. కాయలు కాచి, గీతల్లో తెల్లటి దుమ్ము ఇంకిపోయిన చేతులు తెరనిండా కనపడ్డాయి. తిప్పి వెనకవైపు కూడా చూపించాడు. వేళ్లన్నీ ఉన్నాయని చూపించడం అన్నమాట. రాతిపని వాళ్లను తీసుకునేటప్పుడు మొదట అదే చూస్తారు.

రెండో ఆవిడ తెరలోంచి పక్కకు తప్పుకుంది.

"భూమేశ్ గారూ, ఇక్కడికి వచ్చి పని చేసే ఉద్దేశం ఉందా?"

ఆ ప్రశ్నకు అతని నోట్లో ఒక్కటే జవాబు ఉంది. "యస్ మేడం. ఎనీ వర్క్."

ఆమె కోప్పడలేదు. ఒక్కో మాటా విడదీసి, అర్థమయ్యేలా చెప్పింది. మేమిచ్చే లెటరు చదువుకునేవాళ్ల కోసం. దాని మీద వచ్చినవాళ్లు పని చేయకూడదు. చేస్తారని తెలిసి ఇస్తే మీకూ కష్టం, మా బడికీ కష్టం. మన్నించండి. కాస్త ఆగి, "మీరు మాటలు బాగా పట్టుకున్నారు. పాఠాలు ఎప్పటిలాగే చూడండి. వాటికి వీసా అక్కర్లేదు" అంది.

తెర ఆరిపోయింది. అప్పటికి గాని భూమేశ్ కుర్చీలో కూర్చోలేదు.

"చేతులు ఎందుకు చూపించినావన్నా?" అన్నాడు యాసిర్.

"అడుగుతరనుకున్న."

"ఎవరడిగినారు?"

"జగిత్యాల ఆఫీసుల అడిగిండ్రు. బొంబాయిల అడిగిండ్రు."

యాసిర్ ఫోను డబ్బాలు మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు. భూమేశ్ ఇంకోసారి ఫోను చేసి చెప్పమని బతిమాలాడు. నిజంగానే క్లాసుకు వస్తాను, ఒక్కరోజు కూడా తప్పను అని చెప్పమన్నాడు.

"నిజం చెప్పేసినాక ఇంక ఏం చెప్తావన్నా?"

"నేను సదువుదామనే అనుకున్న మియా."

"ఆ మాటే ఆమెతో అనుంటే సరిపోయేది గదా."

"అడిగితే నోట్లెకు పనే వచ్చింది" అన్నాడు భూమేశ్.

ఆ సాయంత్రం రూమ్‌లో పోచన్న అడగలేదు, అతను చెప్పలేదు. యాసిర్ దుకాణంలో కూర్చునేవాళ్ల నోట ముచ్చట అందరికీ చేరింది. పై మంచం మీదివాడు ఒకడు అరచేతులు చాపి, "మేడం, చూడుండ్రి మేడం" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. పోచన్న గరిటె తీసి పొయ్యి మీద గట్టిగా కొట్టేదాకా నవ్వు ఆగలేదు.

రెండో బడికి యాసిరే రాశాడు. అడ్డుచెప్పడానికి భూమేశ్‌కు సమయం లేదు. వీసాకు ఇక్కణ్ణుంచే పెట్టుకోవాలి, అదీ ఒమాన్ నివాస కార్డు చెల్లుతున్నప్పుడే. కంపెనీ క్యాన్సిల్ చేసిందంటే ఊరికి పోయి మళ్లీ మొదటినుంచి తిరగాలి. ఆ బడివాళ్లు వీడియోలోకి రాలేదు. ఎందుకు చదువుతావని అడగలేదు, ఎంతవరకు చదివావని అడగలేదు. పాస్‌పోర్టు కాపీ, ఫొటో, ఫీజు. కొద్దిరోజుల్లో రంగుల ముద్రతో లెటరు వచ్చింది. యాసిర్ దుకాణం కంప్యూటరులో వీసా అర్జీ నింపాడు. వృత్తి అన్న గడి దగ్గర ఆగి, భూమేశ్ వైపు చూడకుండానే 'విద్యార్థి' అని కొట్టాడు.

"బడి యాడుంటది?" అని అడిగాడు భూమేశ్.

యాసిర్ అడ్రసు మ్యాపులో పెట్టి చూపించాడు. ఒక బట్టలుతికే దుకాణం, పక్కన మెట్లు. బోర్డు కనపడలేదు.

"పైన ఉంటాదేమో" అన్నాడు యాసిర్.

నర్సింగ్‌కు ఫోను చేశాడు భూమేశ్. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో ఎవరినో తిడుతున్న చప్పుడు. ఆ బడి సంగతి నీకు తెలుసా అంటే, "నాది సుత అదే" అన్నాడు నర్సింగ్.

"క్లాసులు మంచిగ చెప్తరా?"

"క్లాసుకు ఎవడు పోతడు తమ్మీ?"

"ఒక్కసారన్న పోయినవా?"

"ఫొటో దిగుదామని ఒకపారి పోయిన, తాళమేసి ఉండె. నువ్వు ముందుగాల రా. పోలీసోళ్లు వస్తె ఎనక దర్వాజ ఉన్నది, అది సూపెడుత."

"థాయి వస్తదా నీకు?"

నర్సింగ్ కాసేపు ఆలోచించాడు. "ఉల్లిగడ్డ అస్తది. కోడి అస్తది. జల్ది అస్తది" అన్నాడు.

వీసా మెయిల్లో వచ్చిన రోజు భూమేశ్ మిషను దగ్గరే ఉన్నాడు. ఆఖరి దిమ్మెలు కోస్తున్నారు. రంపం దిగుతున్నంతసేపూ అతని పెదవులు కదల్లేదు. సాయంత్రం రూమ్‌కు వస్తే పోచన్న పెట్టె సర్దుకుంటున్నాడు. ఇంటి టికెట్ తీసుకుంటానని మందూబ్‌కు చెప్పి వచ్చాడట.

"వచ్చిందా?" అన్నాడు పోచన్న.

"వచ్చింది."

"పోరా. నేను పోవద్దంటే ఆగుతవా? కని ఒక్కటి చెప్తా ఇను. అక్కడ దొరికిననాడు బడి పేరు చెప్పకు. వాళ్లు నిన్ను గుర్తువట్టరు. చెప్తే ఇంకింత పరేషాన్."

"ఊరికి పోయి ఏం చేస్తవు కాక?"

"ఎప్పుడు పోతానవ్ అని అడుగుతె, పోనని చెప్తా" అన్నాడు పోచన్న. పెట్టె మూత పడక, మోకాలు ఆనించి నొక్కాడు.

ఫోను మోగింది. సింధూజ. వీసా వచ్చిందని తల్లి చెప్పినట్టుంది, మాటలు ఆగడం లేదు.

"బాపూ, మా ఇంగ్లిషు సారుకు చెప్పిన. క్లాసుల అందరి ముంగట చెప్పిండు. మా సింధూజ వాళ్ల బాపు ఈ వయసుల పరాయి దేశం పోయి భాష నేర్చుకుంటాండు, మీకేం రోగమని అందర్ని తిట్టిండు. బడి ఫొటో ఒకటి పంపు, స్టేటస్ పెట్టుకుంట. అమ్మ నవ్వుతరంటది గని ఎవలు నవ్వుతలేరు. వారానికి ఎన్ని క్లాసులు బాపూ?"

భూమేశ్ మంచం అంచున కూర్చున్నాడు. పోచన్న పెట్టె మీద అట్లాగే మోకాలు ఆనించి ఉన్నాడు.

"బాపూ, ఇనవడుతుందా?"

"ఇనవడుతుంది బిడ్డా" అన్నాడు భూమేశ్. "నేను బడికి పోతలేను. హోటల్ల గిన్నెలు తోమ పోతాన. మీ సారుకు గట్లనే చెప్పు."